కోసిన గడ్డికి వెలి యేల?

మన సంఘ భవనముల ముందును, స్థితిమంతుల యిండ్ల ముంగిళ్లలోను, క్రొత్తగా లేచిన గృహసముదాయముల నడుమను పెంచుకొనుచున్న పచ్చికబయళ్లలో వారమునకో పక్షమునకో ఒకమారు గడ్డి కోయింతుము. కోయించి, ఆ కోసిన గడ్డిని ఒక్క పోచయైనను మిగులకుండ ఊడ్పించి, గంపల కెత్తించి, చెత్తబండి పాలు చేయుదుము. బండి రానినాడు ప్రహరీగోడ మూలను కుప్పవేయించి నిప్పంటింతుము. పిమ్మట నెల తిరుగకమున్నే అంగడికి పోయి యూరియా కొనితెచ్చి అదే నేలపై చల్లింతుము. ఒక చేతితో ఎరువును పాఱవేసి రెండవ చేతితో ఎరువును కొనుచున్న ఈ వింత వ్యవహారమును మన పెద్దమనుష్యులు శుభ్రత యనుచున్నారు. నేను దీనిని దుబారా యనుచున్నాను. కోసిన గడ్డిని కోసినచోటనే వదలవలెనని నా వాదము.

నేను బెంగుళూరివాడను గనుక ఎక్కువగా బెంగుళూరి మాటయే చెప్పుదును. చెన్నపురి, షోలాపురము, బరంపురము, యానాము మొదలగు చోట్ల తరతరములుగా నిలిచిన తెలుగు కుటుంబములవారు తమ తమ ఊళ్లకు అన్వయించుకొన గలరు. గడ్డి అంతటను ఒక్కటే. మనము గరిక యనునది కన్నడిగులకు గరికె, తమిళులకు అఱుగంపుల్లు, మహారాష్ట్రులకు దూర్వ, ఒరియావారికి దూబ. మన దేశపు పచ్చికబయళ్లలో విరివిగా పెంచబడునది ఈ గరికయే. ఇటీవల కొందరు కొరియా గడ్డి యనుచు సన్నని మెత్తని జాతి నొకదానిని తెప్పించి పఱపించుచున్నారు. నా మాట దానికిని చెల్లును. భాద్రపద శుద్ధ చవితినాడు ఇరువదియొక్క పత్రములలో చేర్చి, దూర్వాయుగ్మమని పేరుపెట్టి విఘ్నేశ్వరునికి సమర్పించు గడ్డి యిది. ఆ పూజకై రెండేసి పోచలు ఏఱి తెమ్మని పిల్లలను పంపుదుము. తక్కిన దినములలో అదే గడ్డిని గంపలకొలది అగ్నికి ఆహుతి చేయుటకు కూలి యిచ్చి మనుష్యులను పెట్టుదుము.

ఈ యలవాటు ఎక్కడనుండి వచ్చెను? నాకు తోచినంతలో ఇది వాకిలినుండి వచ్చినది. మన యిల్లాండ్రు తెల్లవారకమున్నే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టుదురు. ముగ్గునకు నున్నని కటిక నేల కావలయును. ఆకు గాని పుల్ల గాని అందు నిలువరాదు. అచ్చట శుభ్రత యనగా ఏమియు లేకుండుటయే. అది వాకిలి ధర్మము. ఆ ధర్మమును నేను తలవంచి గౌరవింతును. కాని పచ్చిక వాకిలి కాదు. అది పైరు. పైరునేలను చీపురుతో ఊడ్చు రైతు నెవ్వరైనను చూచితిరా? మన తాతలు జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లి, అవి పూతకు వచ్చు వేళకు నేలలో కలియదున్నిరి. కానుగ రొట్టయు జిల్లేడు రొట్టయు నఱకి తెచ్చి వరిమడి బురదలో త్రొక్కించిరి. దానికి పచ్చిరొట్ట యెరువని పేరుపెట్టి, బండ్లపై దూరమునుండి తోలించుకొనిరి. ఆ తాతల మనుమలమైన మనకు పచ్చిరొట్ట కాళ్లక్రిందనే, తోలుడు కూలి లేకుండ, సన్నగా తఱిగి సమముగా పఱచి దొరకుచుండగా దానిని చెత్త యనుచున్నాము. పెరటిచెట్టు మందునకు పనికిరాదను సామెత వైద్యము మాట యేమో కాని, వ్యవసాయమున మాత్రము మనవారు అక్షరాల పాటించుచున్నారు.

కోసిన గడ్డిలో నేమున్నదో ఒక్కసారి లెక్క చూతము. పచ్చి తుంపులలో నూటికి 75 మొదలు 85 పాళ్లు నీరే. నీరు పోగా మిగిలిన ఎండు పదార్థములో, చక్కగా పోషింపబడిన పచ్చికయైనచో, నూటికి ఇంచుమించు 4 పాళ్లు నత్రజని, 2 మొదలు 3 పాళ్లు పొటాషియము, అర మొదలు ఒక పాలు భాస్వరము ఉండును. 100 కిలోల పచ్చి తుంపులను బండి కెత్తితిమనుకొందము. అందు ఎండు పదార్థము సుమారు 20 కిలోలు. నత్రజని 800 గ్రాములు. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు గనుక, మనము బండి కెత్తినది దాదాపు ఒకటి ముప్పాతిక కిలోల యూరియా. పచ్చిక బక్కచిక్కినదైనచో ఇందు సగమే యుండవచ్చును. ఆ సగమును మాత్రము చెత్తబండికి దానమిచ్చుటకు కారణమేమి? అదియు గాక, ఈ సారము ఆకాశమునుండి ఊడిపడలేదు. మన నేలనుండియే వేళ్ల ద్వారా పైకెక్కినది. ఎత్తివేసిన ప్రతి గంపతోను నేల అంత పేదదగుచున్నది. ఏండ్ల తరబడి గంపలు వెడలుచు, ఏమియు తిరిగి రానిచో, ఆ నేల యూరియా లేక యొక్క చిగురైనను వేయలేని స్థితికి వచ్చును. అప్పుడు మనము నేల మంచిది కాదని తిట్టి ఎఱ్ఱమన్ను లారీతో తోలింతుము.

వదలిన గడ్డిలోని సారము నిజముగా మరల పచ్చికకే చేరునా, లేక ఎండి గాలికి పోవునా యను శంక న్యాయమైనదే. దీనిని పరీక్షించినవారున్నారు. అమెరికాలోని కనెక్టికట్ వ్యవసాయ పరిశోధనా కేంద్రమువారు నత్రజనికి గుర్తు వేసి, అనగా మామూలు నత్రజనికంటె కొంచెము బరువైన జాతిని ఎరువుగా వేసి, అది ఎటు పోవుచున్నదో వెంబడించి చూచి 1981లో ఫలితములను ప్రకటించిరి. తుంపులను వదలినచోట వానిలోని నత్రజని కుళ్లి, నేలలో దిగి, తిరిగి క్రొత్త ఆకులలోనికి ఎక్కినట్లు తేలినది. అది చలిదేశము. ఇచ్చటి వెచ్చని నేలలో తేమ యున్నంతకాలము ఆ పని యింకను వేగముగా సాగును. కోసిన గడ్డిని వదలినచో ఎరువు అవసరములో నాలుగవ వంతు వఱకు తగ్గునని ఆ దేశపు వ్యవసాయ విస్తరణ శాఖలు గృహస్థులకు బోధించుచుండును. ఇందు పనివారు మనుష్యులు కారు, వానపాములు. ఆకులను అవి తమ బొరియలలోనికి లాగుకొనిపోవు తీరును చార్లెస్ డార్విను కూర్చుండి గమనించి, 1881లో ఒక గ్రంథమే వ్రాసెను. సృష్టిక్రమమును తలక్రిందులు చేసిన ఆ మహానుభావుడు తన కడపటి గ్రంథమును ఎఱ్ఱలకు అంకితము చేసినంత పని చేసెను. మనము ఎఱ్ఱల నోటికాడి కూడు ఊడ్చివేయుచున్నాము.

ఇక ఆక్షేపణలు. వీనిలో మొదటిది తోటపని తెలిసినవారు చెప్పునది గనుక దానికే ఎక్కువ సమాధానము చెప్పవలసియున్నది. కోసిన గడ్డిని వదలినచో నేలకును పచ్చికకును నడుమ ఎండు పీచుపొర పేరుకొని, నీరు దిగక, గాలి చొరక, పచ్చిక చచ్చునందురు. అట్టి పీచుపొర ఉండుమాట వాస్తవమే. వ్రేలు గ్రుచ్చి చూచినచో పఱుపువలె అణగును. అరంగుళమునకు మించినచో కీడును చేయును. కాని అది కోసిన ఆకుతో ఏర్పడునది కాదు. గరిక నేలపైన ప్రాకు తీగలు, నేలలోపల ప్రాకు కాండములు, వేళ్లు, కణుపులు, వీనిలో కొయ్యజాతి పదార్థము హెచ్చు. అది తొందరగా కుళ్లదు. ఆ తీగలు కుళ్లుటకంటె వేగముగా పెరిగినప్పుడు పొర కట్టును. కోసిన ఆకు కొసలో నున్నది నీరును మెత్తని కండయును. అది తేమ తగిలిన కొలది దినములలోనే వాడి, కొలది వారములలో రూపుమాయును. మఱి తీగలు అంత వేగముగా పెరుగుట కేమి కారణము? అక్కఱకు మించి చల్లిన నత్రజని యెరువు! అనగా, పీచుపొరకు భయపడి గడ్డిని ఊడ్చువాడు, ఊడ్చినందున నేల పేదయై, పేదయైనందున యూరియా చల్లి, ఏ పీచుపొరకు భయపడెనో దానినే పెంచుకొనుచున్నాడు. పాముకు వెఱచి పుట్టను పెంచినట్లున్నది. ఇది తోటశాస్త్రము తెలియనివారి తప్పు కాదు. సగము తెలిసినవారి తప్పు.

రెండవది, చూచుటకు బాగుండదనుట. ఇందు కొంత నిజమున్నది. అయితే ఆ నిజము గడ్డిని వదలినందుకు కాదు, ఆలస్యముగా కోసినందుకు. మూరెడు పెరుగనిచ్చి, పెండ్లియో వార్షికోత్సవమో వచ్చినప్పుడు ఒక్కమారుగా మొదలంట కోయించినచో, ఎండుగడ్డి వామి కూలినట్లు కనబడక యెట్లుండును? కోయుటకు ఒక నియమమున్నది: ఎప్పుడును ఆకు ఎత్తులో మూడవ వంతునకు మించి కోయరాదు. రెండంగుళముల పచ్చిక కావలసినవాడు మూడంగుళములు కాగానే కోయవలెను. అప్పుడు పడు తుంపు ఒక్క అంగుళము. అది నిలిచిన ఆకుల సందున జాఱి నేలకు దిగిపోవును. మఱునాటికి వెదకినను కనబడదు. కత్తి పదునుగా నుండవలెను. మొద్దు కత్తి ఆకును కోయదు, చీల్చును; చీలిన కొసలు గోధుమ రంగునకు తిరిగి బయలంతయు మాడినట్లగును. ఆ మాడుట కోసిన గడ్డి వదలినందువలన కలిగినదని అనుకొనువారిని నేను చూచితిని. మూడవ వంతు నియమమును పాటించినచో పచ్చిక వేరును బలముగా పాతును. ఒక్కమారుగా మొదలంట కోసినచో ఆకులేని మొక్క తన వేళ్లను ఎండనిచ్చి చిగురు వేయ జూచును. ఆ యెండలో నీరెంత పోసినను నిలువదు.

అదియు గాక, చూచుటకు బాగుండుట యను ప్రమాణమును మనకు నేర్పిన దెవరు? పచ్చికబయలు మన యింటి వస్తువు కాదు. దానికి మన భాషలో పూర్వమునుండి వచ్చిన పేరైనను లేదు. లాను అనియో, పచ్చికబయలు అనియో కల్పించుకొన్నాము. 1809 ప్రాంతమున బెంగుళూరు దండు వెలసి, దొరల బంగాళాలు లేచి, వాని ముందఱ ఈ బయళ్లు పఱపబడినవి. గడ్డి కోయు యంత్రమును ఎడ్విన్ బడ్డింగు అను ఆంగ్లేయుడు కనిపెట్టి 1830లో పేటెంటు పొందెను. అతడు గ్లౌస్టరుషైరులోని స్ట్రౌడు ప్రాంతమువాడు. అది ఉన్నిబట్టల మిల్లుల సీమ. బట్టపై లేచిన నూగును సమముగా కత్తిరించు యంత్రమును మిల్లులో చూచి, దీనితో గడ్డి నేల కోయరాదని తలపోసెను. ఆ తొలి యంత్రము కోసిన గడ్డిని ముందున్న తట్టలోనికి విసరునట్లు అమర్చబడినది. రహస్యమంతయు ఇచ్చటనే యున్నది. బట్ట పని యెఱిగిన షోలాపురపు సోదరులకు నేను విప్పి చెప్పనక్కఱలేదు: కత్తిరించిన నూగు బట్టకు మఱల అక్కఱకు రాదు, దులిపివేయవలసినదే. కాని నేలకు తన గడ్డి అక్కఱ వచ్చును. బట్టకు తగిన తట్టను నేలకు తగిలించినవాడు బడ్డింగు. దాదాపు రెండువందల యేండ్లుగా ఆ తట్టను మోయుచున్నవారము మనము. దొరల నకలే చేయదలచినచో వారి వంశీకులు నేడేమి చేయుచున్నారో చూడవలదా? గాల్ఫు ఆటలో బంతి గుంటలోనికి దొర్లు చిన్న నున్నని తావున మాత్రమే తుంపులను పట్టి తీయుదురు. తక్కిన విశాలమైన బయలంతటను సాధారణముగా వదలివేయుదురు. 1980లనాటి చివరిలో అమెరికాలోని టెక్సాసు వ్యవసాయ విస్తరణ శాఖవారు కోసిన గడ్డిని సంచులకెత్తవలదని ఊరూర ప్రచారము సాగించిరి. ఆ దేశమున స్థిరపడి సెలవునాడు స్వయముగా గడ్డి కోసికొనుచున్న మన పిల్లల నడిగినను ఈ మాటయే చెప్పుదురు. తల్లిదండ్రులు వినవలెను గదా!

పాములు చేరుననుట మూడవ ఆక్షేపణ. పాము నిడుపు గడ్డిలోను, కుప్పలలోను చేరును. అంగుళపు తుంపుల క్రింద చేరదు. భయపడవలసినది ప్రహరీగోడ మూలనున్న కుప్పను చూచి.

నాలుగవది మన యింటి పెద్దలు చెప్పునది. గడ్డిని ఆవునకు పెట్టక నేలపాలు చేయుట పాపమందురు. ఈ మాటకు నేను ఎదురు చెప్పను. గడ్డి ఆవునకు, ఆవు పేడ నేలకు, నేల గడ్డికి: ఈ చక్రము తిరుగుచున్నచోట గడ్డిని ఆవునకే పెట్టుడు. పల్లెలలో నేటికిని తిరుగుచున్నది. కాని నగరమున ఆ చక్రము ఎక్కడ? ఆవు నడివీధిలో చెత్తకుండీ వద్ద ప్లాస్టిక్ సంచులు నమలుచున్నది. దాని పేడ మురుగుకాలువలోనికి పోవుచున్నది. ఇంకొక చిక్కున్నది. యంత్రముతో సన్నగా తఱిగిన పచ్చిగడ్డి కుప్పపడగానే కొన్ని గంటలలోనే వేడెక్కి పులియును. సాయంకాలమునకు పాలవాడు వచ్చి ఆ పులిసిన ముద్దను కొనిపోయి పశువు ముందు వేసినచో పుణ్యము మాట యెట్లున్నను దాని కడుపునకు మేలు కలుగదు. పురుగుమందు గాని కలుపుమందు గాని చల్లిన బయలైనచో చెప్పనే అక్కఱలేదు. కొడవలితో కోసిన నిడుపు గడ్డి, మందు సోకనిది, వెంటనే ప్రక్కయింటి గోవునకు పెట్టగలిగితిమేని పెట్టుడు. లేనిచో నేలకు వదలుడు. నేలయు తల్లియే.

మన యావరణ దాటి బయటికి వెళ్లిన గడ్డి ఏమగుచున్నదో ఇప్పుడు చూడవలెను. నన్ను ఈ వ్యాసమునకు పురికొల్పినది గడ్డి శాస్త్రము కాదు, ఈ సంగతి. బెంగుళూరు చెత్తను ఏండ్ల తరబడి మావళ్లిపురలోను మండూరులోను పోసిరి. బావినీరు చెడినది, ఈగలు ముసరినవి, పిల్లలు జబ్బుపడుచున్నారని ఆ గ్రామస్థులు మొఱపెట్టిరి. 2012లో మావళ్లిపుర మూతపడినది. నగరపు వీధులలో చెత్త గుట్టలుపడగా అప్పుడు మాత్రము మనకు ఆ పల్లె పేరు తెలిసినది. 2014లో మండూరువారు బండ్లకు అడ్డుపడి, ఆ సంవత్సరాంతమునకు తమ యూరికి చెత్త రాకుండ చేసికొనిరి. మండూరు నగరమునకు తూర్పున నున్నది; ఆ దిక్కున కోలారు సీమలో తెలుగు పల్లెలు ఎన్ని యున్నవో మనకు తెలియనిది కాదు. నగరపు చెత్తలో సగమునకు పైగా కుళ్లు పదార్థమే. గాలి చొరని పెద్దగుట్టలో నడుగున పడిన పచ్చి పదార్థము మీథేను వాయువును పుట్టించును, నల్లని మురుగును కార్చును. మన పచ్చికపైన నెలదినములలో సద్దు లేకుండ మన్నగు గడ్డి అచ్చట నొకరి బావిని చెఱచుటకు పోవుచున్నది. పోవుటకు డీజిలు ఖర్చు వేఱు.

ఇందలి విపరీతము నాకు మఱియొకందుకు బాధ కలిగించును. చెత్తను ఎరువుగా మార్చు విద్యకు ప్రపంచమున ఊరి పేరుతో ప్రసిద్ధికెక్కిన పద్ధతులు రెండు మన దేశపువే. ఒకటి ఇందూరు పద్ధతి. ఆల్బర్టు హోవర్డు, యశ్వంత వాడ్ కలిసి 1924 మొదలు 1931 వఱకు ఇందూరులో రూపొందించినది. రెండవది బెంగుళూరు పద్ధతి. ఇచ్చటి భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్య యను శాస్త్రజ్ఞుడు 1939లో ప్రతిపాదించినది. పట్టణపు చెత్తను మలమును పొరలు పొరలుగా గోతిలో నింపి మన్నుతో కప్పి ఎరువు చేయు విధానము. ఏ దేశపు వ్యవసాయ గ్రంథమున చూచినను బెంగుళూరు పేరు ఎరువుతో ముడిపడి కనబడును. ఆ యూరిలో నివసించుచు ఎరువు చేయుటకు గోయియైనను త్రవ్వనక్కఱలేని, ఊరక చేతులు కట్టుకొని కూర్చున్న చాలునను గడ్డిని మనము ఊరు దాటించుచున్నాము.

తగులబెట్టువారి సంగతి వేఱుగా చెప్పవలెను. పచ్చిగడ్డి మండదు, పొగయును. తడికుప్ప ఒక పగలంతయు రాజుచు, సన్నని మసియు కార్బను మోనాక్సైడును వెడలగ్రక్కుచుండ, మేడపైన ఉబ్బసము గల వృద్ధులు కిటికీలు బిగించుకొందురు. 2016లో వెలువడిన ఘన వ్యర్థముల నిర్వహణ నియమములు తోటచెత్తను పుట్టిన యావరణలోనే వేఱుగా నుంచవలెనని, వీధిలో పాఱవేయుటయు తగులబెట్టుటయు కూడదని చెప్పినవి. అదే సంవత్సరము డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునలు బహిరంగముగా చెత్త తగులబెట్టువారు 5,000 రూపాయలు, పెద్దమొత్తమున తగులబెట్టినవారు 25,000 రూపాయలు చెల్లింపవలెనని ఉత్తరువు చేసినది. ఉత్తరువులు వచ్చిన తరువాతను పొగ లేచుచునేయున్నది. తెల్లవాఱుజామున నిప్పు పెట్టినచో ఎవ్వరును చూడరని మన కార్యదర్శుల ధీమా. పొగకు గడియారము తెలియదు గదా.

నీటి మాట ఒక్కటి. 2024 మార్చిలో బెంగుళూరున నీటి కఱవు ముదిరినప్పుడు త్రాగునీటిని తోటలకు వాడరాదని, వాడినచో 5,000 రూపాయలు దండుగయని నీటిసరఫరా మండలివారు నిషేధించిరి. అసలు ఇంత నీరు త్రాగు పచ్చిక మనకు అవసరమా యని అడుగువారున్నారు. ఆ ప్రశ్న సబబైనదే, దానికి వేఱొక వ్యాసము కావలెను. ఉన్న పచ్చికనైనను తక్కువ నీటితో నిలుపదలచినవానికి నేలపై తుంపుల పలుచని కప్పు సాయపడును: ఎండ నేరుగా మంటికి తగులదు, తేమ యించుక నిలుచును. కటికనేల కనబడునట్లు ఊడ్చినచోట ఆ లాభము లేదు.

నా వాదమునకు మినహాయింపులు లేవని నేననను. వానకారులో పదిదినములు ముసురుపట్టి, కోయుటకు వీలులేక, గడ్డి జానెడు పెరిగినప్పుడు కోసినది తడిముద్దలుగా పడును. ఆ ముద్దలు క్రిందనున్న పచ్చికను ఊపిరాడనీయవు. వానిని దంతెతో చెదరగొట్టవలెను. చెదరనంత మిక్కుటముగా నున్నచో ఎత్తి మామిడి, కొబ్బరి, మందార పాదులలో పలుచగా పఱువవలెను. పలుచగా ననుట గమనింపుడు; మందముగా వేసినచో అచ్చటను పులిసి కంపుకొట్టును. కలుపుమందు చల్లిన బయలునుండి తీసినదానిని కూరమడులకు వేయరాదు. తుంగయు వయ్యారిభామయు విత్తు కట్టినచోట కోసినదానిని వదలినచో విత్తనములు చల్లినట్లే. వయ్యారిభామ 1955లో పూనాలో కనబడి దేశమంతయు అల్లుకొన్న పరదేశపు కలుపు. పూయకమున్నే వేరుతో పెఱుకవలసినది, కోయవలసినదే కాదు. తెగులు పట్టిన పచ్చిక తుంపులను తెగులు తగ్గువఱకు ఎత్తివేయుట మంచిది. ఇవి మినహాయింపులు. మనవారు ఏటికి ముప్పది మార్లు కోయించినచో రెండు మూడు మార్లు వీనికి పోవును. తక్కిన మార్లు ఊడ్చుటకు సాకు లేదు.

చివరకు చీపురు పట్టినవాని సంగతి. నే నెఱిగిన ఒక సంఘ భవనమున తోటమాలి కోసిన గడ్డిని వదలి చూచెను. ఎవ్వరును చెప్పకయే, తన పల్లె బుద్ధితో. మఱునాటి ఉదయమున కమిటీ పెద్ద యొకరు వచ్చి, సోమరితనమని మందలించి, గంట కూలి కోసిరి. నాటినుండి అతడు పోచ మిగులకుండ ఊడ్చుచున్నాడు. మన పెద్దలు మాలి పనిని పచ్చికను చూచి కొలువరు, ఊడ్చిన చాళ్లను చూచి కొలుతురు. గడ్డి నిండిన గంపలు ఎన్ని వెడలినవో లెక్కించి కూలి యిత్తురు. కనుక మాలితో ఎంత వాదించినను లాభము లేదు. ఊడ్పు మానిపించి అతని గంటలు తగ్గింపబోయినచో అతడే మొదట ఎదిరించును, ఎదిరించుట న్యాయమును. ఆ గంటలను కలుపు తీయుటకు, కత్తి నూఱుటకు, పాదులు చేయుటకు మార్చవలెను, కూలి తగ్గింపరాదు. యూరియాకును బండికిని ఇచ్చు డబ్బు మిగులును గనుక ఇందు సంఘమునకు నష్టమును లేదు. మార్చవలసినది కార్యదర్శి బల్లసొరుగులోని కాగితమును. తోటపని ఒడంబడికలో కోసిన గడ్డిని ఆవరణనుండి తొలగింపవలెనను పంక్తి యుండును. దానిని కొట్టివేసి, మూడంగుళములు దాటకమున్నే కోయవలెనని, కత్తికి నెలకొకమారు పదును పెట్టవలెనని, ముద్దలు కట్టినచో దంతెతో చెదరగొట్టవలెనని మూడు పంక్తులు వ్రాయింపవలెను. తొలకరికి ముందే వ్రాయించినచో ఈ యేటి వానగడ్డికే అది అమలగును.